జులైలో నెవార్క్ నుంచి యూరప్‌కి నలుగురికి టికెట్లు: ధర ఎక్కడ తగ్గుతుంది?

ఎడిసన్_నాన్న

నమస్తే అండీ. జులైలో పారిస్, స్విట్జర్లాండ్, చివర్లో రోమ్ అనుకుంటున్నాం, మొత్తం పదహారు రోజులు. నలుగురం. పిల్లలకి 13, 6 ఏళ్లు. వాళ్లవి అమెరికా పాస్‌పోర్టులు, మా ఇద్దరివీ ఇండియావి. నాది హెచ్‌1 వర్క్ వీసా, మా ఆవిడది దాని మీద వచ్చిన హెచ్‌4.

జులై 4కి ముందు శుక్రవారం రాత్రి బయల్దేరి, మూడో ఆదివారం తిరిగొచ్చేలా చూస్తే నెవార్క్–రోమ్ డైరెక్ట్ ఫ్లైట్ రానూపోనూ మనిషికి 1,480 డాలర్లు, నలుగురికి 5,920 చూపిస్తోంది. అదీ బ్యాగు లేని బేసిక్ ఎకానమీ. ఆగితే తగ్గుతుందా? లండన్‌లో దిగి అక్కడి నుంచి చవక ఫ్లైట్ పట్టుకుంటే కలిసొస్తుందా? బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి వెతికితే తక్కువ చూపిస్తుందంటారు, నిజమేనా? చేజ్ క్రెడిట్ కార్డు పాయింట్లు ఓ లక్షా అరవై వేలున్నాయి, వాటిని ఇక్కడ వాడటం తెలివైన పనేనా?

టికెట్ల_తాత

ముందు ఇన్‌కాగ్నిటో సంగతి తేల్చేద్దాం. మీరు రెండుసార్లు వెతికారని ధర పెరగదు. పెరిగినట్టు కనిపించడానికి అసలు కారణం ఫేర్ బకెట్లు. ఒకే ఎకానమీ క్యాబిన్‌లో సీట్లని పది పన్నెండు ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతారు. కింది మెట్టులో మూడు సీట్లే మిగిలి, మీరు నలుగురికి వెతికారనుకోండి. ఆ మూడూ చవకగా, నాలుగోది మాత్రం ఖరీదుగా ఇవ్వదు. నలుగురికీ పై మెట్టు ధరే వేస్తుంది. అందుకే మొదట ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత నలుగురికి. మనిషి ధర ఎక్కడ ఎగిరిందో కనిపిస్తుంది. ఇద్దరికి తక్కువ, నలుగురికి ఎక్కువ అయితే రెండు బుకింగులుగా కొనండి, ఒక్కోదాంట్లో ఒక పెద్దవాళ్లు, ఒక పిల్ల ఉండేలా. కొన్నాక ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు బుకింగ్ నంబర్లనీ ఒకదానికొకటి లింక్ చేయించండి. అది చేయించకపోతే ఫ్లైట్ రద్దయిన రోజు మీ ఇద్దరినీ ఒక విమానంలో, వాళ్లిద్దరినీ మర్నాటి విమానంలో వేసే ప్రమాదం ఉంది.

ఇక ఆగడం. జులైకి ఆగకండి. చివరి నిమిషంలో ధర తగ్గేది విమానం ఖాళీగా ఉంటేనే. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అట్లాంటిక్ దాటే విమానాలు నిండే పోతాయి. అందులోనూ నాలుగు సీట్లు కలిపి కావాలి. ఫిబ్రవరి, మార్చి నాటికి కొనేయాలి. గూగుల్ ఫ్లైట్స్‌లో ధర ట్రాకింగ్ ఇప్పుడే పెట్టండి. బయల్దేరే చోట నెవార్క్ ఒక్కటే కాకుండా న్యూయార్క్ కెన్నెడీ, ఫిలడెల్ఫియా కూడా చేర్చండి, ఒక్కో గడిలో ఏడు విమానాశ్రయాల దాకా పడతాయి.

అసలు డబ్బు పోతున్నది మీ తేదీల దగ్గర. జులై 4 ముందు శుక్రవారం రాత్రి వెళ్లడం, ఆదివారం తిరిగి రావడం అంటే రెండు వైపులా అందరూ కోరుకునే రోజునే మీరూ కోరుకుంటున్నారు. డేట్ గ్రిడ్ తెరిచి మంగళ, బుధవారాలు చూడండి. పండగ రోజే, అంటే 4వ తేదీనే ఎక్కితే తగ్గడం కూడా తరచూ కనిపిస్తుంది, బాణసంచా చూడాలన్న పట్టుదల లేకపోతే.

జులైయే ఎందుకు అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. టెక్సస్, జార్జియాలో బడులు ఆగస్టు మొదట్లోనే తెరిచేస్తారు కాబట్టి అక్కడివాళ్లకి దారి లేదు. మీ న్యూజెర్సీలో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాకే తెరుస్తాయి. ఆగస్టు 18–20 మధ్య వారం మధ్యలో వెళ్లి, లేబర్ డే వీకెండ్‌కి ముందు మంగళవారమో బుధవారమో తిరిగొస్తే వెళ్లే వైపు ధర బాగా దిగుతుంది. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు. అది దాటాక వెళ్తారు కాబట్టి మూసిన కొట్ల బెడద కూడా కొంత తగ్గుతుంది. ఎండ మాత్రం అప్పుడూ ఉంటుంది, రోమ్‌లో.

ఇంకొకటి. పారిస్‌తో మొదలై రోమ్‌తో ముగిసే యాత్రకి రోమ్ రిటర్న్ టికెట్ ఎందుకు చూస్తున్నారు? మల్టీ సిటీ అనే ట్యాబ్‌లో నెవార్క్–పారిస్, రోమ్–నెవార్క్ ఒకే టికెట్‌గా పెట్టండి. రెండు వన్‌వేలుగా కొనొద్దు. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో వన్‌వే ధర ఒక్కోసారి రిటర్న్ ధరనే మించిపోతుంది. వాళ్లకి రిటర్న్‌లో సగం అనే లెక్క మల్టీ సిటీలోనే దొరుకుతుంది. రోమ్ బదులు మిలాన్ నుంచి తిరుగు ప్రయాణం కూడా పెట్టి చూడండి. ఎమిరేట్స్ దుబాయ్ విమానం ఒకటి మిలాన్ మాల్పెన్సాలో ఆగి కెన్నెడీకి వస్తుంది, మిలాన్–న్యూయార్క్ ముక్క వరకే కూడా టికెట్ అమ్ముతారు. పోటీ వల్ల ఆ రూట్‌లో ధరలు అదుపులో ఉంటాయి. రోమ్ తెర్మిని స్టేషన్ నుంచి మిలాన్‌కి ఫాస్ట్ ట్రైన్ మూడు గంటల పైచిలుకు. అయితే నలుగురి రైలు ఖర్చు, మాల్పెన్సాకి ఇంకో రైలు, అన్నీ కలిపి మనిషికి 120 డాలర్లయినా మిగలకపోతే ఆ తిప్పట అనవసరం.

చౌకబేరం

తాతగారు పెద్ద ఎయిర్‌లైన్స్ సంగతే చెప్పారు. వన్‌వేలు న్యాయమైన ధరకి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచ్ బీ నెవార్క్ నుంచి పారిస్ ఓర్లీకి, లెవెల్ కెన్నెడీ నుంచి బార్సిలోనాకి వెళ్తాయి. నోర్స్ అట్లాంటిక్ వేసవి రూట్లు ఏటా మారతాయి, వాళ్ల సైట్లోనే చూసుకోవాలి. పోర్చుగల్ ఎయిర్‌లైన్ ట్యాప్ నెవార్క్ నుంచి లిస్బన్ మీదుగా తీసుకెళ్తుంది, కావాలంటే అదే ధరకి లిస్బన్‌లో పది రోజుల దాకా ఆగనిస్తుంది. ఐస్‌లాండ్ఎయిర్ కూడా అంతే, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో ఏడు రాత్రుల దాకా.

కానీ తెరమీద కనిపించే ధరని నమ్మొద్దు. ఉదాహరణకి మనిషికి 250 డాలర్లు తక్కువ చూపించిందనుకోండి. నలుగురికి వెయ్యి మిగులు. అందులోంచి రెండు చెక్-ఇన్ బ్యాగులకి ఒక్కో వైపు 75 చొప్పున 300 తీసేయండి. ఆరేళ్ల పిల్ల పక్కన కూర్చోవడానికి సీట్ల ఎంపిక, నలుగురికీ రెండు వైపులా 30 చొప్పున 240. భోజనం కొనుక్కోవాలంటే ఇంకో 150. మిగిలింది 310. బేసిక్ ఎకానమీకీ ఇదే కూడికలు వేసి, అప్పుడు పోల్చండి. కొన్ని కనీస ధరల్లో సీటు కింద పట్టే సంచి తప్ప ఏమీ రాదు. ఫ్రెంచ్ బీ కింది ధరలో చేతి సామానుకి 12 కిలోల పరిమితి, కౌంటర్లో తూకం వేస్తారు. అన్నట్టు, చేతి సామానుతోనే సరిపెడదాం అనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఆవకాయ కూడా సెక్యూరిటీ లెక్కలో ద్రవపదార్థమే, 100 మిల్లీలీటర్లు దాటితే సీసా అక్కడే వదిలిరావాలి. నెయ్యి, మాంసం పచ్చడి అయితే చెక్-ఇన్ బ్యాగులో పెట్టినా యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు.

చవక ఎయిర్‌లైన్స్‌తో అసలు ప్రమాదం వేరే ఉంది. వాళ్లకి రోజుకి ఒక్క విమానమే ఉంటుంది, కొన్ని రూట్లలో అదీ ఉండదు. రద్దయితే వెంటనే ఎక్కించడానికి పొత్తు కంపెనీలు ఉండవు. కంపెనీలే మూతపడతాయి కూడా. ఐస్‌లాండ్ చవక కంపెనీల్లో వావ్ 2019 మార్చిలో, ప్లే 2025 సెప్టెంబరులో ఒక్కరోజులో ఆగిపోయాయి. డెబిట్ కార్డుతో ఎప్పుడూ కొనకండి. క్రెడిట్ కార్డు అయితే అందని సేవకి డబ్బు వెనక్కి అడగొచ్చు.

లండన్ మాట అడిగారు. లండన్ వెళ్లడానికి చవక, రావడానికి ఖరీదు. బ్రిటన్ నుంచి బయల్దేరే ప్రయాణికుల మీద ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి అమెరికా దూరానికి ఎకానమీలో 90 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 102. ఎకానమీలో 16 ఏళ్లలోపు పిల్లలకి లేదు. కాబట్టి లండన్‌లో దిగండి, తిరిగి మాత్రం వేరే దేశం నుంచి రండి. లండన్ నుంచి పారిస్‌కి రైలో, చిన్న ఫ్లైటో ఉండనే ఉంది.

కాగితాల_కామేశ్వరి

చౌకబేరం గారూ, ఆ లండన్ సలహా అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి. అడిగినవారి ఇంట్లో ఇద్దరివి ఇండియా పాస్‌పోర్టులు. లండన్‌లో బయటికి వచ్చి ఇంకో టికెట్ మీద పారిస్ వెళ్లాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే షెంగెన్ వీసాకి (ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చేది) తోడు బ్రిటన్ వీసా కూడా. పిల్లలకి వీసా అక్కర్లేదు గానీ ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి కావాలి. ఇవన్నీ కూడితే లండన్ చవక అక్కడికక్కడే ఆవిరైపోతుంది. ఒకే టికెట్ మీద హీత్రూలో విమానం మారి, బయటికి రాకుండా పారిస్ వెళ్తే అది వేరే సంగతి. అలాగే పారిస్‌లో నాలుగు రోజులుండి మధ్యలో లండన్ చూసి మళ్లీ ఇటలీకి వచ్చే ఆలోచన ఉంటే, సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా లండన్ వెళ్లినప్పుడే అయిపోతుంది.

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, దాని మీద సర్వీస్ సెంటర్ వాళ్ల చార్జీ. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే వెయ్యాలి, రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. కష్టం వీసా రావడం కన్నా అపాయింట్‌మెంట్ దొరకడంలో ఉంది. జులై ప్రయాణానికి ఏప్రిల్‌లో మేలుకుంటే అపాయింట్‌మెంట్లు ఖాళీ ఉండవు. అందుకని టికెట్ మార్చుకునే వీలున్న ధరలోనే కొనండి. బేసిక్ ఎకానమీ కొన్నాక వీసా ఆలస్యమైతే చాలా మటుకు డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. యునైటెడ్, డెల్టా, అమెరికన్ లాంటివి అమెరికా నుంచి మొదలయ్యే మామూలు ఎకానమీ టికెట్లకి మార్పు రుసుము తీసేశాయి. కొన్నాక అదే ఫ్లైట్ ధర తగ్గితే, ఎయిర్‌లైన్ సైట్లో మై ట్రిప్స్‌లోకి వెళ్లి అదే ఫ్లైట్‌కి 'మార్చినట్టు' చేస్తే తేడా క్రెడిట్‌గా వస్తుంది. ఆ క్రెడిట్ ఎవరి పేరున టికెట్ ఉందో వాళ్లకే, గడువూ ఉంటుంది. వారానికోసారి ధర చూసుకుంటే చాలు. పైగా ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొన్న టికెట్‌ని 24 గంటల్లో రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. ఇది అమెరికా రవాణా శాఖ నిబంధన. లేదా ఆ ధరకి సీటు 24 గంటలు పట్టి ఉంచుకునే సదుపాయం ఇవ్వాలి. పేరు ఎప్పుడూ వినని ఏజెంట్ సైట్ 35 డాలర్లు తక్కువ ఇస్తుందని అటు వెళ్తే ఈ నిబంధన వాళ్లని కట్టదు. ఎయిర్‌లైన్ టైము మార్చినప్పుడు 'మీ ఏజెంట్‌ని అడగండి' అంటారు, ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

వేర్వేరు టికెట్లు కొని మధ్యలో మారేవాళ్లకి: మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పితే రెండో కంపెనీకి సంబంధం లేదు. బ్యాగు బయటికి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. దానికి తోడు షెంగెన్ సరిహద్దులో ఇప్పుడు ఈఈఎస్ అనే రాకపోకల నమోదు పద్ధతి వచ్చింది, 2025 అక్టోబరు 12న మొదలైంది. ముద్ర బదులు ఫొటో, వేలిముద్రలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు ఉండవు గానీ వరసలో నిలబడటం తప్పదు. ఒకే టికెట్ అయినా లిస్బన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారడానికి 60 నిమిషాల కనెక్షన్ అమ్ముతారు. అది కొనకండి, రెండు గంటల పైనే ఉండాలి. విడి టికెట్లయితే ఐదు గంటలు, లేదా ఆ రాత్రి అక్కడే పడుకోవడం.

ఒక హక్కు గుర్తుపెట్టుకోండి. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానమైనా, అమెరికా నుంచి వెళ్లేటప్పుడు యూరప్ కంపెనీ నడిపే విమానమైనా, ఈయూ 261 అనే ప్రయాణికుల పరిహార నిబంధన కిందకి వస్తుంది. వాళ్ల తప్పు వల్ల గమ్యం నాలుగు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే ఈ దూరానికి మనిషికి 600 యూరోలు, మూడు నుంచి నాలుగు గంటల మధ్య అయితే 300. తుపాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ లాంటి కారణాలకి రాదు. కోడ్‌షేర్ టికెట్లలో (ఒక కంపెనీ నంబరుతో అమ్మి ఇంకో కంపెనీ నడిపేవి) నంబరు ఎవరిదన్నది కాదు, విమానం ఎవరు నడిపారన్నది లెక్క. రెండు టికెట్లు ఒకే ధరలో ఉంటే వెళ్లేటప్పుడు యూరప్ కంపెనీ విమానం ఎంచుకోవడానికి ఇదొక కారణం.

మైళ్ల_మల్లయ్య

పాయింట్ల సంగతి. లెక్క ఒక్కటే: నగదు ధరలోంచి పన్నులు, సర్‌చార్జీలు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. చేజ్ పాయింటుకి ఒక సెంటు నగదు ఎప్పుడైనా వస్తుంది. కాబట్టి ఒకటిన్నర సెంటు దగ్గరికైనా రాకపోతే డబ్బులిచ్చి కొనడమే మేలు.

ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం వాళ్ల ఫ్లయింగ్ బ్లూ మైళ్ల పథకానికి చేజ్ నుంచి మార్చుకోవచ్చు. వాళ్ల సొంత విమానాల్లో 2 నుంచి 11 ఏళ్ల పిల్లలకి మైళ్లలో 25 శాతం తగ్గింపు ఉంది. ఒక వైపు 25,000కి సీటు దొరికిందనుకుంటే ముగ్గురికి 75,000, చిన్నపిల్లకి 18,750, మొత్తం 93,750. అంటే మీకున్నవి ఒక వైపుకే వస్తాయి. జులైలో ఒకే విమానంలో అలాంటి సీట్లు నాలుగు దొరకడం అరుదు, ఇద్దరిద్దరుగా వెతకండి. నగదు టికెట్ ఖరీదుగా ఉన్న వైపుకి పాయింట్లు వాడి, రెండో వైపు వన్‌వేలు చవకగా అమ్మేవాళ్ల దగ్గర కొనండి. ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్‌లో సర్‌చార్జీలు ఉండవు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో మైళ్లతో ఎక్కితే మాత్రం సర్‌చార్జీ వందల్లో పడుతుంది, ఉచితం అన్న మాటకి అర్థం ఉండదు.

సీటు తెరమీద కనబడ్డాకే పాయింట్లు మార్చండి. ఒకసారి మారితే వెనక్కి రావు.

ఇంకో మాట, హిడెన్ సిటీ అని, అంటే ఇంకా ముందున్న ఊరికి చవక టికెట్ కొని మధ్యలో మారే ఊర్లోనే దిగిపొమ్మని, ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. మధ్యలో దిగిపోతే చెక్-ఇన్ బ్యాగు చివరిదాకా పోతుంది, ఆ టికెట్‌లో మిగిలిన ప్రయాణమంతా రద్దు చేసేస్తారు, తిరుగు ప్రయాణం సహా.

ఎడిసన్_నాన్న

అందరికీ చాలా థాంక్స్ అండీ. మల్టీ సిటీలో పారిస్ వెళ్లడం, రోమ్ నుంచి రావడం, మంగళవారాలు పెట్టి చూస్తే మనిషికి 1,090 వచ్చింది, అదీ మార్చుకునే ఎకానమీలో. ఆగస్టు కూడా చూస్తాను.

కామేశ్వరి గారూ, ఒక సందేహం. మా ఆవిడ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు వచ్చే ఏడాది దాకా ఉంది. నా స్టాంపు అయిపోయింది, కానీ ఐ-797 (హెచ్‌1 ఆమోద పత్రం) ఇంకో రెండేళ్లు ఉంది. దాంతో తిరిగి రావచ్చు కదా?

కాగితాల_కామేశ్వరి

రాలేరండీ. ఐ-797 మీరు అమెరికాలో ఉండటానికి, పని చేయడానికి. బయటినుంచి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో చెల్లే వీసా స్టాంపు కావాలి. లేకపోతే రోమ్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. గడువు తీరిన స్టాంపుతో తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది గానీ హెచ్‌1కి అది 30 రోజుల లోపు కెనడా, మెక్సికో ప్రయాణాలకే, యూరప్‌కి కాదు. యూరప్‌లోనే స్టాంపింగ్ చేయించుకుందాం అనుకోకండి. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో దరఖాస్తు చేయాలని అమెరికా విదేశాంగ శాఖ చెబుతోంది. కాబట్టి ఈ టికెట్ ఇవాళ కొనొద్దు. కొనేసి ఉంటే 24 గంటల్లోపు రద్దు చేయండి.

టికెట్ల_తాత

స్టాంపింగ్‌కి ఎలాగూ ఇండియా వెళ్లాల్సిందే కాబట్టి రెండు ప్రయాణాలనీ ఒకే టికెట్‌లో కలపొచ్చేమో చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లుఫ్తాన్సా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్‌ఎం హైదరాబాద్‌కి నేరుగా నడుపుతున్నాయి. మల్టీ సిటీలో నెవార్క్–ఫ్రాంక్‌ఫర్ట్, వారం పది రోజుల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్, తిరిగి హైదరాబాద్–నెవార్క్ పెడితే యూరప్‌కి విడిగా అట్లాంటిక్ టికెట్ కొనక్కర్లేదు. వరస కూడా ముఖ్యమే. యూరప్ వెళ్లేటప్పుడే చూసేయాలి, వచ్చేటప్పుడు కాదు. స్టాంపింగ్ ఆలస్యమైతే తిరుగు ప్రయాణం ఒక్కటే మార్చుకోవచ్చు, హోటళ్లు, రైళ్లు నష్టపోరు. చెల్లే అమెరికా స్టాంపు లేకుండా హీత్రూలో విమానం మారి ఇండియా వెళ్లేవాళ్లని మాత్రం విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా అడుగుతారు, వాళ్లకి గల్ఫ్ దారే సుఖం.

హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఖాయం కాకుండా ఒక్క డాలరు కూడా పెట్టకండి. స్లాట్ తేదీలు మార్చేయడం ఈమధ్య మామూలైపోయింది. తేదీ చేతికొచ్చాక ఇక్కడే రాయండి, ఏ రోజులకి ఏ రూటు నప్పుతుందో చూద్దాం.